నదికి మూడు గజాల దూరంలో



తమ్ముడికి పెద్ద ముక్క ఇచ్చారనో, టీవీ కట్టేశారనో అలిగి, మీ ఆరేళ్ల పాప ఎప్పుడైనా బ్యాగు భుజాన వేసుకుని ఇంట్లోంచి వెళ్లిపోతానని బెదిరించిందా? గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు వేసుకుని, మీరు చూస్తున్నారో లేదోనని వెనక్కి తిరిగి చూసిందా? చాలా ఇళ్లలో ఇది తర్వాత చెప్పుకుని నవ్వుకునే విషయం. కొన్ని ఇళ్లలోనైతే పెద్దవాళ్లే తలుపు తీసి, వెళ్లు చూద్దామంటారు.

ఈ నెల మీకు చెప్పబోయేది నిజంగానే వెళ్లిపోయిన ఒక పిల్లవాడి గురించి. మీలో ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవారికి ఆయన పేరు పరిచయమే. ఆయన శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్.

ఆయన 1772 అక్టోబరు 21న ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో, ఆటరీ సెయింట్ మేరీ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి జాన్ ఆ ఊరి చర్చిలో పాదిరి, అక్కడి బడికి ప్రధానోపాధ్యాయుడు కూడా. తల్లి ఆన్‌కు పదిమంది పిల్లలు. శామ్యూల్ ఆఖరివాడు, అమ్మానాన్నలకు ముద్దుల కొడుకు. ఆ ముద్దే వాడికి ఇబ్బంది తెచ్చింది. రెండేళ్లు పెద్దవాడైన అన్న ఫ్రాంక్‌కు దొరకని కేకు ముక్క అప్పుడప్పుడు వీడి చేతిలో పడేది. ఫ్రాంక్ ఆ కోపాన్ని వీడి మీద తీర్చుకునేవాడు. ఫ్రాంక్‌ను పెంచిన దాదికీ వీడంటే పడేది కాదు. ఆటల్లో దెబ్బలు తిని వచ్చి, శామ్యూల్ ఒక మూల కూర్చుని పుస్తకాలు చదువుకునేవాడు. అరేబియన్ నైట్స్ కథలు చదివి చీకటంటే భయపడడం మొదలుపెట్టాడు. అది గమనించిన తండ్రి ఆ పుస్తకాలను తగలబెట్టేశారు. ఈ రోజుల్లో మనం ఫోను లాక్కున్నట్టే అనుకోండి.

శామ్యూల్‌కు ఏడెనిమిదేళ్లప్పుడు, అక్టోబరు నెలాఖరులో ఒక సాయంత్రం. కాల్చుకుని తింటానని, చీజ్‌ను ముక్కలు చేయకుండా ఒకే తునకగా కోసివ్వమని అమ్మను అడిగాడు. ఆమె అలాగే కోసిపెట్టింది. వాడు ఏదో పనిమీద తోటలోకి వెళ్లాడు. ఈలోగా ఫ్రాంక్ వచ్చి, తమ్ముణ్ణి ఏడిపించాలని దాన్ని తురుములా చేసేశాడు. తమ్ముడు మీదపడి కొట్టాడు. ఫ్రాంక్ పెద్ద దెబ్బ తగిలినట్టు నేలమీద పడి కదలకుండా ఉండిపోయాడు. శామ్యూల్ భయపడి మీదకు వంగాడు. వెంటనే అన్న పకపకా నవ్వి, మొహం మీద గట్టిగా ఒక్కటిచ్చాడు. శామ్యూల్ కత్తి అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ లోపలికి వచ్చింది.

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగండి. ఆ తల్లికి కనిపించింది చిన్నకొడుకు చేతిలోని కత్తి మాత్రమే. అంతకుముందు జరిగిన చీజ్ సంగతి, దెబ్బ తగిలినట్టు నటన, నవ్వు, దెబ్బ ఆమె చూడలేదు. మనం కూడా చాలాసార్లు ఆఖరి నిమిషంలోనే గదిలోకి వెళ్తాం.

ఆమె చెయ్యి పట్టుకుంది. ఇక కొరడా దెబ్బలు తప్పవనుకుని పిల్లవాడు విదిలించుకుని పారిపోయాడు. ఊరికి ఒక మైలు దూరంలో ఆటర్ నది ఒడ్డున ఒక గుట్ట ఉంది. అక్కడికి వెళ్లి కూర్చున్నాడు. కోపం కాసేపటికి తగ్గింది, మొండితనం తగ్గలేదు. జేబులో ఒక చిన్న పుస్తకం ఉంది. చివర్లో ఉన్న ప్రార్థనలను భక్తిగా చదువుకున్నాడు. అలా చదువుతూనే, అమ్మ ఎంత కుమిలిపోతోందో కదా అనుకుని లోలోపల తృప్తిపడ్డాడు. చీకటి పడింది, గాలివాన మొదలైంది. వాడు అక్కడే నిద్రపోయాడు. కలలో దుప్పటి లాక్కుంటున్నాననుకుని పక్కనున్న ఎండు ముళ్లకంపను మీదకు లాక్కున్నాడు. నిద్రలోనే గుట్టమీది నుంచి దొర్లుకుంటూ వచ్చి, నదికి మూడు గజాల దూరంలో ఆగాడు.

ఇంట్లో తల్లికి మతి చలించినంత పనైంది. రాత్రి పదింటికి ఊళ్లోనూ, పక్కనున్న రెండు ఊళ్లలోనూ దండోరా వేయించారు. తెచ్చి ఇచ్చినవారికి బహుమతి కూడా ప్రకటించారు. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చిన పిల్లవాడికి దూరంగా పశువుల కాపరులు కనిపించారు. లేవబోతే కాళ్లు కదల్లేదు, అరిస్తే గొంతు వాళ్లదాకా వెళ్లలేదు. రాత్రంతా వెతుకుతున్న సర్ స్టాఫర్డ్ నార్త్‌కోట్ అనే పెద్దమనిషికి చివరికి ఆ ఏడుపు వినిపించింది. ఎత్తుకుని తీసుకొస్తుంటే దారిలో తండ్రి ఎదురయ్యారు. ఆయన తిట్టలేదు. ప్రశాంతంగా చూస్తూ నిలబడ్డారు, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. తల్లి ఆనందం పట్టలేకపోయింది. అంతలో ఒక యువతి వచ్చి, వీడికి దెబ్బలు పడాలని తల్లికి సలహా ఇచ్చింది.

ఇది మనకు ఎలా తెలుసంటే, 1797లో తన స్నేహితుడు థామస్ పూల్‌కు రాసిన ఉత్తరంలో కోల్‌రిడ్జే వివరంగా చెప్పారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండబోతున్నాయి, ఒక బిడ్డకు తండ్రి. తండ్రి ముఖం ఆయన మరిచిపోలేదు. దెబ్బలు కొట్టమన్న యువతిపై కోపమూ పోలేదు. ఆ రాత్రి చలి వల్ల జ్వరం ఎన్నో ఏళ్లపాటు తిరగబెడుతూనే ఉంది.

ఆ తర్వాత తండ్రితో గడిపే కాలం ఎక్కువ మిగల్లేదు. ఒక చలికాలపు సాయంత్రం పొలాల మీదుగా నడిచి వస్తూ ఆయన కొడుక్కి నక్షత్రాల పేర్లు, గ్రహాల సంగతులు చెప్పారు. 1781 అక్టోబరులో ఫ్రాంక్‌ను నౌకాదళంలో చేర్చేందుకు ప్లిమత్‌కు తీసుకెళ్లి, ఇంటికి తిరిగొచ్చిన రాత్రే కన్నుమూశారు. శామ్యూల్‌కు అప్పటికి తొమ్మిదేళ్లు నిండబోతున్నాయి. మరుసటి ఏడు వాణ్ణి లండన్‌లోని క్రైస్ట్స్ హాస్పిటల్ అనే హాస్టల్ బడిలో చేర్చారు. సెలవు దొరికినా వెళ్లడానికి దగ్గర్లో ఇల్లు లేదు. ఫ్రాంక్ తర్వాత మన దేశానికి సైన్యంలో వచ్చి, శ్రీరంగపట్నం యుద్ధం తర్వాత 1792లో ఇక్కడే మరణించాడు.

కోల్‌రిడ్జ్ మరోసారి పారిపోయారు. 1793 చివర్లో, కేంబ్రిడ్జిలో చదువుతుండగా అప్పులపాలై, మారుపేరుతో గుర్రపు దళంలో చేరారు. గుర్రమెక్కడం సరిగా రాదు. అన్నలు తంటాలు పడి 1794 ఏప్రిల్‌లో విడిపించారు. 1798లో వర్డ్స్‌వర్త్‌తో కలిసి లిరికల్ బాలడ్స్ ప్రచురించారు. వృద్ధ నావికుడి కథా కవిత అందులోదే. నల్లమందు అలవాటు, భార్యతో ఎడబాటు ఆయన్ను కుంగదీశాయి. చివరి 18 ఏళ్లు ఒక వైద్యుడి ఇంట్లో ఆశ్రయం పొంది, 1834లో మరణించారు. 1802లో రాసిన ఒక ప్రసిద్ధ కవితలో తుఫాను గాలి ఆయనకు ఒక పిల్ల ఏడుపులా వినిపిస్తుంది. ఆ పిల్ల తప్పిపోయింది, కానీ ఇంటికి దగ్గర్లోనే ఉంది. అమ్మకు వినపడాలని ఏడుస్తోంది.

వెళ్లిపోతానని మీ బిడ్డ అన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. వాడికి వెళ్లాల్సిన చోటంటూ ఏదీ లేదు. దెబ్బల భయం ఉంది, అన్యాయం జరిగిందన్న బాధ ఉంది, నా కోసం వెతుకుతారా అన్న ప్రశ్న ఉంది. వెళ్లమని సవాలు చేయకండి, బట్టలు సర్ది ఇవ్వకండి, బంధువుల ముందు చెప్పి నవ్వకండి. ఎక్కడికీ పంపమని చెప్పి, పక్కన కూర్చోండి. కోపం తగ్గాక, మీరు గదిలోకి రాకముందు ఏం జరిగిందో అడగండి. మీ ఫోన్ నంబరు, చిరునామా కంఠతా నేర్పండి. అదే మాట పదేపదే అంటున్నా, ఒక మనిషినో ఒక చోటునో తలచుకుని వణుకుతున్నా, ఆ చోటు మా బడే అయినా సరే, వెంటనే తరగతి టీచరుతో మాట్లాడండి. బిడ్డ నిజంగా కనబడకపోతే చీకటి పడేదాకా ఆగకుండా 112కు గానీ, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు గానీ ఫోన్ చేయండి.

దొరికిన రోజున మొదట దగ్గరకు తీసుకోండి. మందలింపు మర్నాటికి ఆగుతుంది. ఆ నిమిషంలో మీ ముఖం ఎలా ఉందో వాళ్లు పెద్దయ్యాక కూడా గుర్తుపెట్టుకుంటారు.