జీడీ నాయుడు: మూడో తరగతితో చదువు మానేసి, మోటార్‌సైకిల్ విప్పి ఇంజనీరింగ్ నేర్చుకున్న కోయంబత్తూరు తెలుగువాడు

కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద సుమారు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్ 2025 అక్టోబరులో ప్రారంభమైంది. తమిళనాడు ప్రభుత్వం దానికి జీడీ నాయుడు పేరు పెట్టింది. వీధుల పేర్లలోంచి కులం పేర్లు తొలగించాలని అదే ప్రభుత్వం ఆదేశాలిచ్చిన రోజులవి. దీంతో పేరు చివర ఉన్న నాయుడు అన్న మాట ఉండాలా వద్దా అని పెద్ద చర్చే నడిచింది.

ఆ చర్చను పక్కన పెడితే, అసలు ఎవరీ జీడీ నాయుడు? స్కూలు మొహం సరిగా చూడని మనిషి ఒక ఇంజనీరింగ్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఎలా అయ్యారు? అంత పేరు సంపాదించిన ఆయన, తాను తయారు చేసిన వస్తువులను తానే ఎందుకు పగలగొట్టించారు?

ఈ ప్రశ్నలకు సమాధానం ఒక పాత మోటార్‌సైకిల్ దగ్గర మొదలవుతుంది.

బడి అచ్చిరాలేదు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తరాల కిందట తమిళ నేలకు వలస వెళ్లి, వ్యవసాయంలో స్థిరపడి, ఇంట్లో తెలుగునే నిలుపుకున్న నాయుళ్ల సమాజం వారిది. ఆయన పుట్టిన కొద్ది కాలానికే తల్లి చనిపోయారు.

పిల్లాడు బళ్లో కుదురుగా కూర్చోలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లేవాడని చెబుతారు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత పొలమే బడి అయింది.

దొర బండి, కుర్రాడి కళ్లు

ఇరవై ఏళ్ల వయసులో ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన జరిగింది. లాంకషైర్ అనే బ్రిటిష్ రెవెన్యూ అధికారి ఆ ఊరి వైపు 1912 నాటి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఎడ్లు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను పరుగెత్తే బండిని చూసి కుర్రాడు ఆగిపోయాడు. అది తనకు కావాలనుకున్నాడు.

చేతిలో డబ్బు లేదు. ఊరు విడిచి కోయంబత్తూరు వచ్చి ఒక హోటల్లో సర్వర్‌గా చేరాడు. మూడేళ్ల పాటు బల్లలు తుడిచి, పళ్లేలు అందించి, రూపాయి రూపాయి కూడబెట్టి ఆ మోటార్‌సైకిల్‌ను కొన్నాడు.

కొన్నాక అందరిలా తిరగడానికి వెళ్లలేదు. ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. మళ్లీ బిగించాడు. ఆయన ఇంజనీరింగ్ చదువంతా అక్కడే మొదలైంది.

విప్పడం అంటే ఏమిటి?

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన ఆ బండిలో ఒకే సిలిండర్. నిప్పురవ్వ పుట్టించడానికి మాగ్నెటో, చక్రం తిప్పడానికి బెల్టు. ట్యాంకులోని పెట్రోలు కిందకు కారుతూ కార్బురేటర్‌లోకి చేరుతుంది. అక్కడ సన్నటి రంధ్రం గుండా గాలిలో కలిసి ఇంజిన్‌లోకి వెళ్తుంది. ఆ రంధ్రంలో ఇసుక రేణువంత మురికి చేరినా బండి మొరాయిస్తుంది. ఎక్కడ ఆగిందో కనిపెట్టాలంటే ఇంధనం నడిచే దారిని మొదటి నుంచి చివరి దాకా వెతుక్కుంటూ పోవాల్సిందే.

తర్వాతి దశాబ్దాల్లో కార్బురేటర్ స్థానంలోకి ఫ్యూయల్ ఇంజెక్టర్ వచ్చింది. చేసే పని అదే, సున్నితత్వం పెరిగింది. పాత టర్బో స్పోర్ట్స్ కార్లలో పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడితో ఇంజెక్టర్ దాకా వస్తుంది. కంప్యూటర్ పంపే విద్యుత్ సంకేతంతో లోపలి సూది వాల్వు సెకనులో కొన్ని వేల వంతుల సేపు తెరుచుకుని మూసుకుంటుంది. కొనలో మడ్డి పేరుకుంటే ఆ సిలిండర్‌కు పెట్రోలు తగ్గుతుంది. మామూలు కారైతే కుదుపుతో సరిపోతుంది. టర్బో ఇంజిన్‌లో అలా కాదు. టర్బో గాలిని ఒత్తిపెట్టి తోస్తున్నప్పుడు పెట్రోలు తక్కువైతే వేడి పెరిగి, ఇంజిన్ నాకింగ్ మొదలై, పిస్టన్ కరిగిపోయే దాకా వెళ్తుంది.

ఇలాంటి కార్లను సొంతంగా బాగు చేసుకునేవారు ముందు బ్యాటరీ తీగ తీసి, లైనులోని ఒత్తిడి దించి, ఆ తర్వాతే ఇంజెక్టర్లు విప్పుతారు. ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకుంటారు. శుభ్రం చేయించి, నాలుగూ సమానంగా చిమ్ముతున్నాయో లేదో కొలిపిస్తారు. బిగించేటప్పుడు పాత రబ్బరు రింగులు పారేసి కొత్తవి వేస్తారు. చివరగా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపు మాత్రం ఆన్ చేసి ఎక్కడైనా కారుతోందేమో చూస్తారు. చిన్న విడిభాగం కూడా సముద్రం దాటి రావాల్సిన అండమాన్‌లో, శ్రీ విజయపురం డైరీ ఫార్మ్ లాంటి చోట ఇది సరదా కాదు, అవసరం. క్రమం తప్పకుండా విప్పడం, కారణం వెతకడం, అదే క్రమంలో బిగించడం: నాయుడు తన రడ్జ్ మీద నేర్చుకున్నది సరిగ్గా ఈ విద్యే.

ఒక బస్సు నుంచి 280 దాకా

చేతిపని వచ్చినంత మాత్రాన జీవితం గాడిన పడలేదు. పత్తి వ్యాపారంలో దిగి, బొంబాయి వెళ్లి సంపాదించింది పోగొట్టుకున్నారు. తిరిగొచ్చాక కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయనలోని మెకానిక్‌ను గుర్తించి సాయం చేశారు. అలా 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి నడిపారు. డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే.

ఆ ఒక్క బస్సే యూఎంఎస్ అనే సంస్థగా పెరిగింది. 1933 నాటికి ఆ సంస్థ కింద 280 బస్సులు తిరిగేవి. అంత పెద్ద సర్వీసు నడవాలంటే ప్రతి చెడిపోయిన భాగానికీ విదేశాల వైపు చూస్తే కుదరదు. విప్పి, అర్థం చేసుకుని, ఇక్కడే చేసుకోవాలి. బండి బాగు చేసే చోటే కొత్త వస్తువులకూ పునాది పడింది.

రేజర్ నుంచి ఎలక్ట్రిక్ మోటార్ దాకా

ఐరోపా పర్యటనల్లో ఆయన ఫ్యాక్టరీలు చూశారు, కెమెరాతో తిరిగారు. 1936 జనవరిలో లండన్‌లో జరిగిన ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించారు. డ్రై సెల్స్‌తో నడిచే చిన్న మోటారు ఉన్న రసాంట్ అనే ఎలక్ట్రిక్ రేజర్‌కు రూపమిచ్చారు. దానికి మోటారు జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో తయారైంది. పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం కూడా ఆయన ఖాతాలో ఉన్నాయి.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో తెచ్చిన మోటారును దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెబుతారు. బాలసుందరం ఆ తర్వాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. కోయంబత్తూరు ఇవాళ మోటార్లకు, పంపులకు పేరుపడిందంటే ఆ వేళ్లు ఇక్కడ ఉన్నాయి.

అన్నిట్లోనూ గెలవలేదు. 1936లో మద్రాసు ప్రాంతీయ ఎన్నికల బరిలో దిగి ఓడిపోయారు.

కాలేజీతో తగవు

1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని, పరిశోధనకు స్కాలర్‌షిప్పులు, ఉద్యోగుల సంక్షేమం వైపు దృష్టి పెట్టారు. ఆయన చొరవతో, విరాళంతో అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, 1945లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. మొదటి ప్రిన్సిపాల్ నాయుడే. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

నాలుగేళ్ల ఇంజనీరింగ్ కోర్సు కాలం వృథా అని ఆయన వాదించారు. పనిముట్లు చేతికిస్తే అంతకంటే చాలా తక్కువ కాలంలో నేర్పవచ్చన్నది ఆయన నమ్మకం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశారు.

ఇక్కడ ఆయన మొత్తం గెలిచారనీ చెప్పలేం. లెక్కలు, సిద్ధాంతం రాకుండా ఇంధనం ఎందుకలా మండుతుందో లోతుగా తెలియదు. కానీ నట్టు విప్పకుండానే ఇంజనీర్ పట్టా అందుకునే వారిని చూస్తున్న కాలంలో ఆయన లేవనెత్తిన ప్రశ్న ఇంకా పాతబడలేదు.

రెండు వేల కారు రోడ్డెక్కలేదు

సామాన్యుడికి అందే ధరలో వస్తువు ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయలకు తెస్తానన్నారు.

అప్పటికి 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం వచ్చేసింది. ఏం తయారు చేయాలన్నా ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. ఆయన కారుకు అది రాలేదు. రోడ్డెక్కకుండానే ఆ కారు కథ ముగిసింది.

పన్నుల భారం, అనుమతుల చిక్కులు కలిసి ఆయన్ను విసిగించాయి. 1950ల్లో తాను తయారు చేసిన వస్తువులను జనం చూస్తుండగా పగలగొట్టించి నిరసన తెలిపారు. ప్రతి మరనూ ప్రేమగా విప్పి, తిరిగి బిగించిన చేతులవి. కష్టపడి చేసిన దాన్ని తిరిగి బిగించలేనంతగా విరగ్గొట్టించడానికి ఆ మనిషి ఎంత నలిగి ఉండాలో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాతా ఆయన ఖాళీగా కూర్చోలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. సర్ సీవీ రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆయన తోటకు వచ్చి చూశారు. 1974 జనవరి 4న, 80 ఏళ్ల వయసులో జీడీ నాయుడు కన్నుమూశారు.

మిగిలింది

అవినాశి రోడ్డులోనే ఆయన పేరు మీద నడిచే సంస్థ ఆవరణలో పారిశ్రామిక ప్రదర్శనశాల, 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం ఉన్నాయి. వింటేజ్ కార్లను అక్కడ దగ్గరగా చూడవచ్చు. వాటి బానెట్ కింద ఏ పైపు ఎక్కడికి వెళ్తుందో కంటితోనే పట్టుకోవచ్చు.

ఇప్పటి కార్లలో ఆ వీలు తగ్గింది. ఇంజిన్ మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, లోపల ఏముందో చెప్పే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉంటుంది. కొన్న వస్తువును విప్పి బాగు చేసుకునే హక్కు కోసం చాలా దేశాల్లో చట్టాల పోరాటం నడుస్తోంది. మన దగ్గర కూడా కేంద్రం 2022లో దీనిపై కమిటీ వేసింది.

హోటల్లో పళ్లేలు మోసి బండి కొన్న ఆ కుర్రాడిని ఎవరూ అనుమతి అడగలేదు, సర్టిఫికెట్ చూపించమనలేదు. బండి ఆయనది, చేతిలో స్పానర్ ఉంది. 280 బస్సులూ ఆ స్పానర్ వెనకే వచ్చాయి.