విషపు మొక్కల బొమ్మలు అచ్చువేయించిన వైద్యుడు

లియోన్‌హార్ట్ ఫుక్స్ 1501వ సంవత్సరం జనవరి 17వ తేదీన జర్మనీ దేశంలో వెమ్డింగ్ అనే ఊరిలో పుట్టారు. జర్మన్ భాషలో ఫుక్స్ అంటే నక్క. పేరుకి నక్కే గానీ ఆయన మంచి వైద్యుడు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. తాత వెంటబెట్టుకొని తిప్పుతూ పూల పేర్లు చెప్పేవారు. మొక్కల మీద ఇష్టం అలా మొదలైంది.

1524లో ఆయన వైద్యం చదివి డాక్టరు అయ్యారు. 1529లో చెమట జ్వరం వచ్చి జనం చనిపోతుంటే ఆన్స్‌బాఖ్ పట్టణంలో వైద్యం చేసి పేరు తెచ్చుకున్నారు. 1535 నుంచి చనిపోయే వరకు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

ఆ రోజుల్లో మందులు ఎక్కువగా మొక్కల నుంచే చేసేవారు. చాలామంది డాక్టర్లకి పుస్తకంలో పేరు తెలుసు, మొక్క తెలీదు. మొక్కలు ఏరి తెచ్చేవాళ్ళకి మొక్క తెలుసు, చదువు రాదు. పాత పుస్తకాల్లో బొమ్మలేమో ఒకదాన్ని చూసి ఒకటి గీసినవి. అలా గీయగా గీయగా ఆకు రూపమే మారిపోయేది. మామూలు మొక్క అయితే ఫరవాలేదు. విషపు మొక్క అయితే ప్రాణం పోతుంది.

మనం కామంచి పళ్ళు తింటాం కదా. ఆ కుటుంబంలోనే బెల్లడోనా అనే మొక్క ఐరోపా అడవుల్లో ఉంది. దాని పండు కూడా నల్లగా నిగనిగలాడుతుంది, కొంచెం తియ్యగా ఉంటుంది. కానీ విషం. పిల్లలు కొన్ని పళ్ళు తిన్నా చనిపోవచ్చు. కామంచి గుత్తిగా కాస్తుంది. బెల్లడోనా ఒక్కొక్కటిగా కాస్తుంది, పండు కింద ఆకుపచ్చ తొడుగు ఐదు కొనల నక్షత్రంలాగా పరుచుకొని ఉంటుంది. ఈ తేడా బొమ్మలో సరిగ్గా రాకపోతే చూసేవాళ్ళు మోసపోతారు. ఫుక్స్ పుస్తకంలో ఈ రెండు మొక్కల బొమ్మలూ ఉన్నాయి.

ఆయన బొమ్మలు ఎలా చేయించారంటే, ముగ్గురు పనివాళ్ళని పెట్టుకున్నారు. ఆల్‌బ్రెఖ్ట్ మేయర్ నిజం మొక్కను ముందు పెట్టుకొని గీసేవాడు. హైన్‌రిఖ్ ఫుల్‌మౌరర్ ఆ బొమ్మను చెక్క మీదికి ఎక్కించేవాడు. వైట్ రుడాల్ఫ్ స్పెక్‌లే ఆ చెక్కను చెక్కేవాడు. గీత ఉన్నచోట చెక్కని వదిలేసి, మిగతాదంతా తవ్వి తీసెయ్యాలి. అప్పుడు గీతలు పైకి లేచి ఉంటాయి. వాటికి సిరా పూసి కాగితం పెట్టి నొక్కితే బొమ్మ పడుతుంది. మన ఆఫీసులో రబ్బరు స్టాంపు కూడా ఇదే పద్ధతి. స్టాంపు మీద అక్షరాలు తిరగేసి ఉన్నట్టే చెక్క మీద మొక్క కూడా కుడిఎడమలు మారి ఉంటుంది. ఒక సన్నని గీత విరిగిందంటే మళ్ళీ అతికించడం చాలా కష్టం.

ప్రతి బొమ్మలో వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ ఉండాలని ఫుక్స్ పట్టుబట్టారు. అందం కోసం నీడలు వేసి మొక్క రూపాన్ని కప్పెయ్యకూడదని కూడా పనివాళ్ళకి చెప్పారు.

ఆ పుస్తకం 1542లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో అచ్చయింది. అందులో 500కు పైగా బొమ్మలు ఉన్నాయి. మొక్కజొన్న, మిరప కూడా ఉన్నాయి. అవి అమెరికా నుంచి వచ్చాయని ఆయనకి తెలియదు. మొక్కజొన్న టర్కీ గింజ అనుకున్నారు, మిరపకి మన దేశంలోని కాలికట్ పేరు పెట్టారు. పుస్తకం చివర ఆ ముగ్గురు పనివాళ్ళ బొమ్మలు కూడా పేర్లతో సహా వేయించారు. ఆ కాలంలో చెక్క చెక్కేవాడి ముఖం పుస్తకంలో వెయ్యడం చాలా అరుదు. 1545లో చేత్తో పట్టుకుపోవడానికి వీలుగా చిన్న పుస్తకం కూడా తెచ్చారు.

డిజిటాలిస్ అనే విషపు మొక్కకి ఆ పేరు పెట్టింది ఫుక్సే. దాని పువ్వు కుట్టుపనిలో వేలికి పెట్టుకునే తొడుగులాగా ఉంటుంది. అందుకే లాటిన్ భాషలో వేలు అనే మాట మీద ఆ పేరు పెట్టారు. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది. ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే డాక్టరు 1785లో దాన్ని కొలతతో ఎలా ఇవ్వాలో రాశారు. ఆ జాతి మొక్క నుంచి తీసే డిగాక్సిన్‌ని ఇప్పటికీ గుండె జబ్బుకి ఇస్తున్నారు.

ఫుక్స్ ఇంకా పెద్ద పుస్తకం కోసం 20 ఏళ్ళకు పైగా కష్టపడ్డారు. 1500కు పైగా బొమ్మలు సిద్ధం చేయించారు. కానీ అచ్చువేసే ఆయన చనిపోయారు, అంత డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు. 1566 మే 10న ఫుక్స్ కన్నుమూశారు. ఆ చేతిరాత పుస్తకం అచ్చుకాకుండానే మిగిలింది. ఇప్పుడు ఆస్ట్రియాలోని వియన్నా గ్రంథాలయంలో ఉంది. ఆయన పేరు మీద 1703లో ఒక పూలమొక్కకి ఫుక్సియా అని పేరు పెట్టారు. ఆ మొక్కని ఆయన చూడనే లేదు.

ఫ్రెండ్స్, మనం సైన్సు రికార్డులో మొక్క బొమ్మ వెయ్యాలంటే పక్కదాని రికార్డు చూసి దించేస్తాం. అది ఇంకొకదాని రికార్డు చూసి దించి ఉంటుంది. ఇకనుంచి ఉమ్మెత్త బొమ్మ వెయ్యాలంటే బయటికెళ్ళి ఉమ్మెత్తనే చూసి వేద్దాం. నోట్లో మాత్రం పెట్టుకోకండి, చేతులు కడుక్కోండి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఏది తినేది, ఏది తినకూడనిదో అవ్వని అడిగి, ఆ మొక్కని చూస్తూ గీసుకొని రండి. అవ్వకి చదువు రాకపోయినా బొమ్మ చూసి తప్పు ఎక్కడుందో చెప్పగలదు. గీసిన బొమ్మ కింద మీ పేరుతోపాటు ఆమె పేరు కూడా రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని