బుడగలతో పోరాడిన సేవకుడు

షాంపేన్ అనగానే బిరడా ఎగిరి నురగలు పొంగే సీసా గుర్తుకొస్తుంది. ఆ తెల్లని వైన్‌ను కనిపెట్టింది దోమ్ పెరిన్యాన్ అనే క్రైస్తవ సన్యాసి అని లోకమంతా చెప్పుకుంటుంది. కానీ అది నిజం కాదు. ఆ బుడగలు అసలు రాకుండా చూడాలని ప్రయాసపడినవాడాయన!

పియర్ పెరిన్యాన్ 1638లో ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో జన్మించాడు. బెనెడిక్టైన్ సన్యాసిగా మారి, 1668లో దాదాపు ముప్పయ్యేళ్ల వయసులో ఓవిలే మఠానికి వచ్చాడు. మఠం ఆస్తులు, ద్రాక్షతోటలు, నేలమాళిగలోని పీపాలు అన్నింటి నిర్వహణా ఆయనకే అప్పగించారు. అది చలి ప్రాంతం. చలికాలంలో రసం పులియడం మధ్యలో ఆగిపోయి, వసంతకాలంలో సీసాలోనే మళ్లీ మొదలయ్యేది. లోపల పుట్టిన వాయువు ఒత్తిడికి ఆనాటి బలహీనమైన సీసాలు పగిలేవి. ఒకటి పగిలితే పక్కవీ పగిలేవి. ఏడాది కష్టమంతా నేలపాలయ్యేది.

పెరిన్యాన్ కొత్త మాయలేవీ చేయలేదు. తీగల్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించాడు. చల్లని ఉదయాల్లో కాయలు కోయించి, నలిగినవాటిని పక్కన పెట్టించాడు. నల్లద్రాక్షను సున్నితంగా, త్వరగా పిండించి తొక్క రంగు అంటని తెల్లని రసం తీశాడు. ఏ తోట పండ్లను ఏ తోట పండ్లతో కలపాలో రుచి చూసి నిర్ణయించాడు. మఠం తోటలు రెట్టింపయ్యాయి. 47 ఏళ్లు ఒకేచోట నమ్మకంగా సేవచేసి 1715లో కన్నుమూశాడు.

ఆయన పోయిన శతాబ్దం తర్వాత, 1821లో, ఆ మఠానికే చెందిన ఒక పూర్వ సన్యాసి బుడగల వైన్‌ను ఆయనే కనిపెట్టాడని రాశాడు. నిజానికి పెరిన్యాన్ ఓవిలేకు రాకముందే, 1662లోనే, చక్కెర కలిపి వైన్‌ను పొంగించే పద్ధతిని ఇంగ్లాండులో క్రిస్టఫర్ మెరెట్ నమోదు చేశాడు. అయినా కథే నిలిచింది. ఇప్పుడు ఖరీదైన సీసాల మీద ఆయన పేరుంది.

మద్యాన్ని పొగడడం ఇక్కడ ఉద్దేశం కాదు. మఠం మీద ప్రేమతోనే కావచ్చు, ఒక దైవసేవకుడి జీవితానికి లేని బుడగలు కలిపారు. మన సాక్ష్యాల్లో, సేవకుల జీవితచరిత్రల్లో మనం చేస్తున్నదీ ఇదే కాదా? జరిగిన మేలు చాలదన్నట్టు జరగని అద్భుతాన్ని జోడిస్తాం. ద్రాక్షావల్లిలో నిలిచి ఫలించమన్నాడు ప్రభువు. పొంగమనలేదు. పెరిన్యాన్ చేసిన పని ఉన్నదున్నట్టుగానే గొప్పది. దేవుడు మన జీవితంలో చేసిన పని కూడా అంతే!