చేతులు వదిలేసి గెలిచినవాడు

చేవెళ్ల, మొయినాబాద్ రూట్‌లో కాలేజీ బస్సెక్కే విద్యార్థులకు శంషాబాద్‌లో దిగబోయే విమానాలు కొత్తేం కాదు. తూర్పుగాలి వీచే రోజుల్లో అవి పడమటి దిక్కు నుంచే రన్‌వే వైపు వస్తాయి. గీత గీసినట్టు అంత నిలకడగా దిగుతుంటే పైలట్ చేతి చలవే అనుకుంటాం. చాలాసార్లు ఆ నిలకడ ఆటోపైలట్‌ది. పైలట్ దాన్ని కనిపెట్టుకుని ఉండి, రన్‌వే దగ్గరపడ్డాక విమానాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. ఇది పనిచేస్తుందని మొదట లోకానికి చూపించినవాడు లారెన్స్ స్పెర్రీ. అప్పటికి అతని వయసు 21 ఏళ్లే. అంటే ఇప్పుడు బీటెక్ ఫైనలియర్ చదివే కుర్రాడంత!

బొంగరమే గురువు

లారెన్స్ 1892 డిసెంబరు 21న అమెరికాలోని షికాగోలో పుట్టాడు. తండ్రి ఎల్మర్ స్పెర్రీ పేరున్న ఇన్వెంటర్. ఓడలకు దిక్కు చూపే గైరో కంపాస్‌పై పనిచేసి, 1910లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో గైరోస్కోప్ కంపెనీ పెట్టాడు. గైరో అంటే బెదరక్కర్లేదు. జోరుగా తిరిగినంతసేపు బొంగరం పడిపోదు కదా, ఇదీ అదే సూత్రం. వేగంగా తిరిగే చక్రం తన దిశను అంత తేలిగ్గా మార్చుకోదు.

ఆ రోజుల్లో చిన్న గాలి తగిలినా విమానం ఒరిగిపోయేది. పైలట్ క్షణం కూడా చేతులు తీయడానికి ఉండేది కాదు. లారెన్స్‌కు ఇదే పట్టుకుంది. 1913లో హామండ్స్‌పోర్ట్‌లోని గ్లెన్ కర్టిస్ దగ్గరికి వెళ్లి విమానం నడపడం నేర్చుకున్నాడు. తండ్రితో కలిసి నాలుగు గైరోలతో ఒక పరికరం సిద్ధం చేశాడు. విమానం ఒరిగినా గైరోలు ఒరగవు. ఆ తేడాను పట్టుకుని రెక్కల మీది, తోక మీది పలకలు వాటంతటవే కదిలి విమానాన్ని సరిచేస్తాయి.

పారిస్‌లో పరీక్ష

1914 జూన్ 18. పారిస్ శివార్లలోని బెజోన్స్ దగ్గర సెన్ నది మీద విమాన భద్రత పోటీ జరిగింది. లారెన్స్ తన మెకానిక్ ఎమిల్ కషాన్‌తో కలిసి నీటి విమానంలో వచ్చాడు. జడ్జీల ముందుకు రాగానే రెండు చేతులూ పైకెత్తేశాడు. మరోసారి కషాన్ రెక్క మీదికి నడిచాడు. మామూలుగా అయితే ఆ బరువుకు విమానం ఓ పక్కకు ఒరగాలి, ఒరగలేదు! ఆఖరి చుట్టులో ఇద్దరూ రెక్కల మీదికి వెళ్లారు. సీట్లో ఎవరూ లేరు. అయినా విమానం తిన్నగానే పోయింది. 50,000 ఫ్రాంకుల బహుమతి అతనిదైంది.

లారెన్స్ అక్కడితో ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పైలట్ లేని విమానం మీద పనిచేశాడు. మెసెంజర్ అనే బుల్లి విమానాన్ని తయారుచేసి, 1922లో దాన్ని ఏకంగా వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనం ముందే దించాడు. ఆ మెసెంజర్‌లోనే 1923 డిసెంబరు 13న పొగమంచులో ఇంగ్లండ్ నుంచి ఒంటరిగా బయల్దేరాడు. ఇంగ్లిష్ చానల్ దాటలేకపోయాడు. 31వ పుట్టినరోజుకు ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

మిషన్‌కు తెలియనిది

అతని పని మాత్రం ఆగలేదు. 1933లో వైలీ పోస్ట్ ఒంటరిగా భూగోళం చుట్టి వచ్చినప్పుడు స్పెర్రీ కంపెనీ ఆటోపైలట్ తోడుంది. 1965లో లండన్‌లో ట్రైడెంట్ విమానం ప్రయాణికులతో ఆటోమేటిక్‌గా నేలను తాకింది.

అయితే ల్యాండింగ్ వేళ ఆటోమేషన్‌తో తంటా ఒకటుంది. అది తనకు చెప్పింది చేస్తుంది. తప్పు చెప్పినా చేస్తుంది. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగబోతున్న టర్కిష్ బోయింగ్ 737 దాదాపు 1,950 అడుగుల ఎత్తులో ఉంది. ఎడమవైపు ఎత్తు కొలిచే పరికరం మాత్రం మైనస్ 8 అడుగులని చూపించింది. దాన్ని నమ్మి ఆటోథ్రాటిల్ ఇంజిన్ల జోరు తగ్గించేసింది. ఆటోపైలట్ తన దారి తప్పకూడదని ముక్కు పైకెత్తుతూ పోయింది. వేగం పడిపోయింది. పైలట్లు గుర్తించేసరికి ఆలస్యమైంది. తొమ్మిది మంది చనిపోయారు.

మన పక్కనే బెంగళూరులో 1990 ఫిబ్రవరి 14న కూలిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320దీ దాదాపు ఇదే కథ. అక్కడ పరికరం చెడలేదు. దిగేటప్పుడు ఇంజిన్లను ఐడిల్‌లో ఉంచే మోడ్‌లోకి విమానం వెళ్లింది. వేగం తగ్గుతున్న సంగతి సకాలంలో పట్టుకోలేకపోయారు. 146 మందిలో 92 మంది ప్రాణాలు పోయాయి.

లారెన్స్ చేతులకు విశ్రాంతి ఇచ్చాడు, కళ్లకు కాదు. రెక్క మీదికి వెళ్లడానికి ముందు ఆ పరికరంలో ఏ గైరో ఏం చేస్తుందో అతనికి కంఠతా వచ్చు. తనే తయారుచేశాడు మరి! ఆ ధైర్యం అక్కణ్నుంచే వచ్చింది.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు పట్టుకోవాల్సింది ఇదే. ఇంటర్ ఎంపీసీ తర్వాత డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చేయొచ్చు. అందులో బీ2 కేటగిరీ పూర్తిగా ఏవియానిక్స్‌దే. విమానాల మరమ్మతు కేంద్రం మన శంషాబాద్‌లోనే ఉంది. ఈసీఈ వాళ్లకు సెన్సర్లు, కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులు ఇక్కడ అక్కరకొస్తాయి. చదివేటప్పుడు మిషన్ ఎలా పనిచేస్తుందో నేర్చుకుని వదిలేయకండి. దానికి తప్పుడు అంకె అందితే ఏం చేస్తుంది, అది మనకెలా తెలుస్తుంది అని కూడా అడగండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో తొమ్మిది ప్రాణాలు ఆధారపడింది ఆ ప్రశ్న మీదే.