రామకృష్ణ గోపాల భండార్కరు

ప్రాచ్యవిద్యా విశారదులైన భండార్కరుగారు 1837వ సంవత్సరము జూలై 6వ తేదీన కొంకణతీరమందలి మాల్వణులో జన్మించిరి. తండ్రి రెవిన్యూశాఖలో గుమాస్తా. 1862లో బొంబాయి విశ్వవిద్యాలయము తొలిసారిగా పట్టము లొసగిన కొలదిమందిలో వీ రొకరు, మరుసటియేటనే ఎం.ఏ. అయిరి.

ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో సంస్కృతాచార్య పదవిని కొన్నియేండ్లు తాత్కాలికముగా నిర్వహించిరి. కాని 1873లో ఆ పదవి విలాయతినుండి వచ్చిన పీటర్సనుగారికి లభించెను. భండార్కరుగారు సహాయాచార్యులుగా నుండవలసివచ్చెను. ఉద్యోగస్థులకు ఇట్టి బాధను వివరింపనక్కరలేదు. అయినను కలము ఆగలేదు. ఆ మరుసటి యేడే లండనులో జరిగిన ప్రాచ్యపండితసభకు నాసిక గుహాశాసనములనుగూర్చి వ్యాసము పంపిరి. ఆంధ్రులకు ఇది ప్రత్యేకముగా ఆదరణీయము. ఏలనన, పురాణములలోని రాజవంశావళిలో వట్టి పేరుగా మిగిలిన గౌతమీపుత్ర శాతకర్ణి, తల్లి బలశ్రీ చెక్కించిన ప్రాకృత శాసనమున క్షహరాతులను నిర్మూలించిన విజేతగా కానవచ్చును. శాసనమును, నాణెమును, పురాణమును పక్కపక్కన నుంచి పరీక్షించుటయే ఆయన పద్ధతి.

1877లో సంస్కృతము, పాళి, ప్రాకృతములు మొదలు నేటి ఔత్తరాహ భాషలవరకు గల పరిణామమును ఉపన్యసించిరి. 1882లో పూనా దక్కను కళాశాలలో ఆచార్యపదవి చేకూరెను. శాతవాహనులనుండి యాదవులవరకు సాగిన దక్కను ప్రాచీన చరిత్ర 1884లో వెలువడెను. అందు శాతవాహనులను పురాణముల ననుసరించి ఆంధ్రభృత్యులని పేర్కొనిరి.

పాండిత్యము గ్రంథములకే పరిమితము కాలేదు. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించిన పదేండ్లకు, 1891లో, భండార్కరుగారు వితంతువైన తమ కుమార్తెకే పునర్వివాహము చేసిరి.

1917లో, ఎనుబదవ జన్మదినమున, వారి పేర పూనాలో పరిశోధనసంస్థ వెలసెను. తమ గ్రంథసంచయమును దానికే యొసగి, 1925 ఆగస్టు 24న దివంగతులైరి.