తెలుగు కవుల మల్కిభరాముడు

గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా పేరు వినని ఇల్లు మనలో ఉండదు. గోలకొండ కోటగోడలు, ఇబ్రహీంపట్నం చెరువు చూసినవారికి ఆయన గుర్తుకు వస్తారు. అయితే రాయి, సున్నం లేకుండా ఆయన కట్టినది మరొకటి ఉన్నది. అది మతము వేరైన కవులు జంకు లేకుండా వచ్చి కూర్చునే సభ. ఈ సంచికలో దాని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురైనాడు. గద్దె అన్న జంషీద్ చేతికి పోయింది. ఇబ్రహీం ప్రాణము అరచేత పట్టుకొని బీదరుకు, అక్కడినుండి విజయనగరానికి చేరినాడు. అళియ రామరాయలు ఆదరించగా సుమారు 7 ఏళ్ళు అక్కడే ఉన్నాడు. తెలుగు మాట, తెలుగు పద్యము మీద మక్కువ ఆ పరాయి పంచనే బలపడిందని చరిత్రకారులంటారు. 1550లో జంషీద్ మరణించిన తర్వాత తిరిగి వచ్చి, తెలుగు నాయకవాడీల అండతో గద్దెనెక్కినాడు.

అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఈ సుల్తానుకే అంకితమిచ్చినాడు. అది భారతకథ. కావ్యాన్ని కన్యగా భావించి కృతిభర్త చేతిలో పెట్టడం మన కవుల ఆచారం. నమ్మకం లేనివానికి ఎవరైనా పిల్లనిస్తారా? ఇబ్రహీం అనే పేరు కవుల నోట మల్కిభరాముడైంది. కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెం అగ్రహారమిచ్చి గౌరవించినాడు.

దొర నడిచిన బాటనే ఉద్యోగులూ నడిచినారు. పటాన్‌చెరు ఏలిన అమీన్‌ఖాను, పొన్నెగంటి తెలగనార్యుని యయాతి చరిత్రను అంకితము పుచ్చుకున్నాడు. సంస్కృత పదాల కలయిక లేని మొదటి అచ్చతెలుగు కావ్యము అదే. అంటే మన భాషలో ఒక కొత్త ప్రయోగానికి ముస్లిం అధికారి అండగా నిలిచినాడన్నమాట!

ఒక సంగతి దాచరాదు. 1565 తళ్ళికోట యుద్ధంలో, తనకు నీడనిచ్చిన రామరాయల మీదికి నడచిన సుల్తానులలో ఇబ్రహీం కూడ ఉన్నాడు. ఆ యుద్ధం, ఈ కవిసభ రెండూ ఆయన జీవితంలోనివే. ఒకటి చెప్పి ఒకటి మానితే అది చరిత్ర కాదు.

1580లో ఆయన కన్నుమూసినారు. కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించినాడు. స్వయంగా పేరుగాంచిన దక్కనీ కవి.

సభ్యులారా, ఇబ్రహీం కవుల మతం మార్చమనలేదు, కథ మార్చమనలేదు. కవి తన కథ తాను చెప్పుకున్నాడు, సుల్తాను శ్రద్ధగా విన్నాడు. నమ్మకము అట్లా కుదిరింది. మనము ముషాయిరా జరిపిన నాడు ఇరుగుపొరుగు తెలుగు కవిని కూడ పిలిచి, మంచి చోట కూర్చోబెట్టి, చివరిదాకా విందాము. మన పిల్లలకు ఉర్దూ షేరుతోపాటు తెలుగు పద్యమూ నేర్పుదాము. అగ్రహారాలిచ్చే శక్తి మనకు లేకపోవచ్చు. చెవి ఒగ్గి వినడానికి ఖర్చేమున్నది?