శస్త్రములకు రూపమిచ్చిన జహ్రావీ

స్పెయిన్ దేశమున కార్డోవా నగరమునకు సమీపములో మూడవ అబ్దుర్రహమాన్ ఖలీఫా నిర్మింపజేసిన జహ్రా నగరము నేడు శిథిలమై యున్నది. ఆ ఊరి పేరే తన పేరుగా నిలిచిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ సుమారు క్రీ.శ. 936 లో జన్మించినారు. క్రీ.శ. 1000 ప్రాంతమున ఆయన ముగించిన ‘కితాబుల్ తస్రీఫ్’ ముప్పది భాగముల వైద్య గ్రంథము. అందు చివరి భాగము శస్త్రచికిత్సకు ప్రత్యేకము.

ఆ భాగపు తొలిపుటలలో మేము విజయగాథలను ఆశించినాము, కనిపించినవి మరణములు. ఒక అజ్ఞాని వైద్యుడు స్త్రీ మెడమీది గడ్డను కోయబోయి రక్తనాళములను తెగగోయగా, ఆమె అతని చేతులలోనే ప్రాణము విడిచినది. మరియొకడు మూత్రాశయమునుండి పెద్దరాయిని లాగుచు దానితోపాటు మూత్రాశయపు ముక్కను కూడ ఊడదీసినాడు. రోగి మూడవనాటికి మరణించినాడు. అంతకుముందు ఆ రోగికై తమను పిలిచినప్పుడు, రాయి పరిమాణమును, రోగి స్థితిని చూచి జహ్రావీ శస్త్రచికిత్సకు అంగీకరించలేదు. శరీర నిర్మాణము నెరుగనివాడు కత్తి పట్టరాదని ఆయన శిష్యులకు మరల మరల చెప్పుటకు ఇట్టి అనుభవములే కారణము.

ఆ భయమునుండియే ఆయన పరికరములు పుట్టినవని మా అభిప్రాయము. గ్రంథములో సుమారు రెండు వందల పరికరముల బొమ్మలున్నవి. చీముగడ్డను కోయుటకు వేళ్ళ సందున దాగు చిన్న కత్తి యొకటి. రోగి దానిని చూచి బెదరడు. మూత్రనాళములో రాయి ఇరుక్కొన్నచో, అది వెనుకకు జారకుండ పైన దారము కట్టి, మూడంచుల మొనగల సన్నని ఉక్కు కడ్డీని లోనికి పంపి, రాయికి రంధ్రము పడువరకు మెల్లమెల్లగా త్రిప్పవలెను. తొందర పనికిరాదు.

జలోదరమునకు ఆయన చెప్పిన విధానము మరింత గమనింపదగినది. పొట్టకు చిన్న రంధ్రము చేసి, సన్నని గొట్టమమర్చి, నీటిని మితముగా మాత్రమే తీయవలెను. ఒకేసారి అధికముగా తీసినచో రోగి మరణించవచ్చును. నేటి లాపరోస్కోపీలో పని దీనికి విపరీతము: పొట్టలోనికి గొట్టముద్వారా వాయువును నింపుదురు. సాధారణముగా 12 నుండి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనము వాడుదురు. అది గుండెకు, ఊపిరితిత్తులకు భారము గనుక, వీలైనచోట ఇంకను తక్కువ పీడనముతో పని చేయుటకు వైద్యులు యత్నించుచున్నారు. జహ్రావీ ఈ విద్యను ముందే ఎరుగుదురనుట అతిశయోక్తి. అయినను, ఉదరము ఎంత మార్పును ఓర్చుకొనగలదో చూచుకొని చేయి కదల్పవలెనను జాగ్రత్త ఆయనకుండెను.

ఒక దాసి కత్తితో తన గొంతు కోసికొన్నప్పుడు ఆయనను పిలిచినారు. గాయమునుండి గాలి వెలువడుచుండెను. ఆయన కుట్లు వేయగా ఆమె బ్రతికినది. గొంతు మాత్రము కొంత బొంగురుపోయినది. శ్వాసనాళమును కోయుట ప్రాణాంతకము కాదని ఆయన దీనినిబట్టి గ్రహించినారు.

అంతర్యుద్ధములో జహ్రా నగరము ధ్వంసమైన కొద్ది ఏండ్లకు, సుమారు 1013 లో జహ్రావీ మరణించినారు. పండ్రెండవ శతాబ్దమున టోలెడోలో క్రెమోనా వాసి గెరార్డు ఈ శస్త్ర భాగమును లాటిన్‌లోనికి అనువదించినాడు. ఫ్రెంచి వైద్యుడు గీ ద షోలియాక్ తన గ్రంథములో జహ్రావీని పలుమార్లు పేర్కొన్నాడు. 1973 లో స్పింక్, లూయిస్ అను విద్వాంసులు అరబ్బీ మూలమును ఆంగ్లానువాదముతో లండన్‌లో ప్రకటించినారు. పరికరముల బొమ్మలు అందులోను ఉన్నవి.